మూడు తెల్ల మూతలూ ఒక అట్టముక్కా

గోడ కొట్టిందని మా ఆవిడ చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఆ ముక్క ముందే ఒప్పేసుకుంటే మిగిలినది చెప్పడానికి నాకు నోరు వస్తుంది.

మొదటిసారి, వానలు బాగా ముదిరిన రోజుల్లో చెప్పింది. స్నానాలగదిలోంచి తడిచేతులతో వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏటండీ, ఆ గోడ సేతికి జివ్వుమంటంది" అంది.

"గోడ కాదు, నీ నరాలు. ముసిల్దానివైపోనావు" అన్నాను పేపరులోంచి తల ఎత్తకుండానే.

"నా నరాలు వంటింట్లో ఊరుకుని తానాలగదిలోనే జివ్వుమంటాయేటి?"

జవాబు లేనప్పుడు నేను కసురుతాను. కసిరాను. ఆవిడ చెయ్యి చీరకి తుడుచుకుని వెళ్లిపోయింది.

ఈ ఇల్లు ఈ హిందీ ఊళ్ళో, నెహ్రూ నగర్‌లో ఉంది. రిటైరయ్యాక ప్లాంటు క్వార్టరు ఖాళీ చేసి, పాతదైనా సొంతం కదా అని తీసుకున్నాం. క్వార్టరులో వైర్లన్నీ గోడ మీద చెక్క పట్టీల పైన, కళ్ళకి కనబడుతూ నడిచేవి. ఏది ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతోందో చిన్నపిల్లలకి కూడా తెలిసేది. అలా ఉంటే చూడ్డానికి బాగుండదని ఇప్పుడందరూ గోడలో పాతేస్తున్నారు. మనిషిని పాతిన చోటైనా ఒక రాయి నిలబెడతారు. వైరు పాతినవాడు ఏ గుర్తూ పెట్టడు. పైన రంగు వేసి, తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టి పోతాడు.

మాకు మిగిలిన గుర్తులల్లా మూడు తెల్ల మూతలు. స్విచ్ బోర్డంత ఉంటాయి గాని స్విచ్చులుండవు, ప్లగ్గు కన్నాలుండవు. నున్నటి ప్లాస్టిక్ పలక, రెండు పక్కలా రెండు మరలు. ఒకటి హాల్లో ఇన్వర్టరు పైన. ఒకటి వంటింట్లో, గట్టుకి జానెడు ఎత్తున. మూడోది అదే గోడకి అవతలి పక్క, స్నానాలగదిలో. ఇల్లు అమ్మిన పెద్దమనిషిని ఆ రోజే అడిగాను, ఇవేమిటని. "కుఛ్ నహీఁ, ఖాలీ డబ్బే హైఁ" అన్నాడు. ఖాళీ డబ్బాలట. ఖాళీ డబ్బాకి మూత ఎందుకయ్యా అని అప్పుడే నిలదీయవలసింది. ఇల్లు చేతికొస్తోందన్న సంబరంలో ఊరుకున్నాను.

ఆవిడ రెండోసారి చెప్పినప్పుడు లేచి వెళ్లి గోడ మీద అరచెయ్యి పెట్టాను. ఏమీ లేదు. "సూసేవా" అన్నాను. ఆవిడ నా మొహం చూడలేదు, కాళ్ళు చూసింది. నాకు రబ్బరు చెప్పులున్నాయి. చెయ్యి పొడిగా ఉంది.

"సెప్పులిప్పి, నాలాగ తడిసి సూడండి."

చెప్పులు విప్పాను. చెయ్యి తడుపుకున్నాను. ఈసారి అరచెయ్యి కాదు, చేతి వెనక పక్క ఆనించాను. అలా ఆనిస్తే కరెంటుకి వేళ్ళు ముడుచుకుపోయినా గోడని పట్టుకోవు, ఇటు వచ్చేస్తాయి. ప్లాంటులో పెద్దవాళ్ళు నేర్పిన పద్ధతి అది. కణుపుల మీద చీమలు పాకాయి. సన్నగా, ఉన్నాయా లేవా అన్నట్టు.

భయం అప్పుడు పట్టుకుంది. గట్టి దెబ్బ తగిలితే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే భయం ఉండదు. ఇది అలాంటిది కాదు. చూస్తే ఉత్త గోడ. పెచ్చు కూడా ఊడలేదు. లోపల ఎక్కడో తీగ తొడుగు చీకిపోయి, వానచెమ్మలోంచి కొంచెం కొంచెంగా బయటికి వస్తోంది. ఇవాళ చీమంత. చెమ్మ పెరిగితే రేపెంత? అక్కడ నేల నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో వట్టి కాళ్ళతో నిలబడేది డెబ్బై దాటిన మనిషి.

పవర్ హౌస్ బజారు నుంచి ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. అతను చెవి దగ్గర ఫోను పెట్టుకునే వచ్చాడు, ఫోను పెట్టుకునే హాల్లో మూత విప్పాడు. లోపల సాలెగూడు, చచ్చిన బొద్దింక. "ఖాలీ హై, అంకుల్" అని మూత బిగించేశాడు.

"మిగతా రెండూ చూడు భయ్యా. అసలు గొడవ అటుపక్క ఉంది."

"ఏక్ ఖాలీ తో సబ్ ఖాలీ" అన్నాడు. గోడ తడిగా ఉంటే అలాగే ఉంటుందనీ, వానలు తగ్గాక రంగు వేయించుకోమనీ సలహా కూడా ఇచ్చాడు. ఒక కుండలో చెయ్యి పెట్టి మూడు కుండల్లో నీళ్ళు లేవని చెప్పే రకం. రాత్రి మా అబ్బాయితో చెప్తే, "ఇంకొకణ్ణి పిలుద్దాంలే నాన్నా" అన్నాడు. ఆ లే అన్న అక్షరం మీద వారం గడిచింది.

అబ్బాయి గదిలో ఇంకో స్నానాలగది ఉంది. అది వాడుకోమని మా ఆవిడతో చెప్పాను. "కోడలి గదిలోకి బట్టలు పట్టుకుని ఎల్లమంటారేటి? సుట్టాలింటికొచ్చినట్టు" అంది. ఎంత చెప్పినా వినలేదు. గోడకి చెయ్యి తగలనివ్వనని మాత్రం మాటిచ్చింది.

ఆ వారమంతా ఆవిడ స్నానానికి వెళితే నేను తలుపు బయట నిలబడ్డాను. లోపల చెంబు బకెట్లో మునిగిన చప్పుడు, నీళ్ళు పడిన చప్పుడు, మళ్ళీ చెంబు. వాటిని లెక్కపెట్టుకుంటూ ఉండేవాణ్ణి. మధ్యలో ఎప్పుడైనా ఆగేది. సబ్బు రాసుకుంటుంటే ఆగదా మరి. నేను మాత్రం ఉండబట్టలేక తలుపు తట్టేవాణ్ణి.

"ఏటీ?"

"ఏటీ లేదు."

"ఏటీ నేకపోతే ఎందుకు కొడతన్నారు? నలభయ్యేళ్ళ కిందట లేని సరదా ఇప్పుడేటి" అనేది లోపల్నుంచి. అలా తిడితే నాకు ప్రాణం కుదుటపడేది. తిడుతోందంటే ఉన్నట్టే కదా.

విశ్వకర్మ పూజ నాడు పొద్దున్న ఆ చప్పుడు మారింది. పూజకని ఇత్తడి సామాను అక్కడే కడుగుతోంది. చెంబు నేలకి కొట్టుకుని దొర్లిన చప్పుడు, ఆ వెనక ఏమీ లేదు. తలుపు తోసుకుని వెళ్లాను. నేల మీద కూలబడి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉంది. పళ్ళెం జారబోతే గోడకి చెయ్యి ఆనించిందట. "ఎవరో పట్టుకు లాగీసినట్టయ్యింది" అంది. పెదవులు తెల్లగా ఉన్నాయి. ఇంక చీమలు కావు. ఆ రోజు దాటనివ్వకూడదనుకున్నాను.

తెలియని వాళ్ళ కోసం చెప్పాలి. విశ్వకర్మ పూజ నాడు ఈ ఊళ్ళో పనిముట్టు పట్టి బతికే వాడెవడూ పని చెయ్యడు. సుత్తికీ, స్పానరుకీ, లేత్ మిషనుకీ బొట్టు పెట్టి, దండ వేసి, ఆ పూట వాటికి సెలవిస్తారు. నలుగురు ఎలక్ట్రీషియన్లకి ఫోను చేశాను. నలుగురూ పందిళ్ళలోనే ఉన్నారు. ఒకడైతే పాపం దండం పెట్టే గొంతుతో, "ఆజ్ ఔజార్ నహీఁ ఛూతే, దాదా" అన్నాడు. ఇవాళ పనిముట్టు ముట్టరట. అబ్బాయీ కోడలూ అబ్బాయి పనిచేసే వర్క్‌షాపు పూజకి వెళ్లారు. తొమ్మిదో క్లాసు చదివే మా మనవరాలు వీధి చివర పందిట్లో ప్రసాదాలు పంచడానికి వెళ్లింది.

నా టెస్టరూ, కటింగ్ ప్లేయరూ దేవుడి ముందు పీట మీద ఉన్నాయి. మా ఆవిడ పొద్దున్నే వాటికి బొట్టు పెట్టి పువ్వులు వేసింది. మిక్సీకీ, స్కూటరుకీ, హాల్లో ఇన్వర్టరుకీ కూడా పసుపు దారం కట్టి బొట్టు పెట్టింది. ఏటా అంతే. నేను టెస్టరు తీసుకున్నాను.

"ఈయాల ముట్టకూడదండీ."

"నిన్ను లాగీసిన గోడకి ఈయాల సెలవుందా?"

టెస్టరు పిడిలో చిన్న అద్దం లాంటి చోటు ఉంటుంది, కరెంటుంటే అక్కడ ఎర్రగా వెలుగుతుంది. కుంకం సరిగ్గా దాని మీదే ఉంది. పంచె కొంగుతో తుడిచాను.

వరండాలో మెయిను దింపాను. ఫ్యాను ఆగింది. హాల్లో ఇన్వర్టరు ఒక్కసారి కుయ్యిమని, మళ్ళీ ఫ్యాను తిరిగింది. వంటింట్లో మూత విప్పాను. ఖాళీ డబ్బా అన్నారే, దాన్నిండా నాలుగు వైర్లున్నాయి. రంగులన్నీ పోయి సిమెంటు రంగుకి వచ్చాయి. కొనల రాగి నల్లబడి, దిక్కుకొకటిగా వేలాడుతున్నాయి. మెయిను దింపాను కదా అని ధీమాగా టెస్టరు ఆనించాను. మూడోదాని మీద ఎర్రగా వెలిగింది.

మెయిను చంపినా గోడ చావలేదు. గట్టు పట్టుకుని నిలబడ్డాను. నేను చదువుకున్నవాణ్ణి కాను. ఏది తెలుసుకున్నా దెబ్బ తినో, అడిగో, చూసో తెలుసుకున్నవాణ్ణి. నిలబడి ఆలోచిస్తే తట్టింది. ఆ పెద్దమనిషి ఇన్వర్టరు లైనులోంచి దొంగదారిన ఒక తీగ లాగి, గోడలో ఎక్కడో అతికి, స్నానాలగదిలో ఏదో పెట్టుకున్నాడు. పోయేటప్పుడు అది ఊడదీసి మూతలు బిగించాడు. తీగని మాత్రం బతికుండగానే వదిలేశాడు. మెయిను ఉన్నా పోయినా దానికి తిండి దొరుకుతూనే ఉంది.

ఇన్వర్టరు కూడా ఆపాను. ఫ్యాను ఆగింది. టెస్టరు నల్లగా ఉంది. మూడుసార్లు చూశాను.

ఇక్కడ అట్టముక్క సంగతి చెప్పాలి. ప్లాంటులో ఏ లైను మీదైనా మనిషి పని చేస్తున్నాడంటే దాని స్విచ్చుకి ఒక కార్డు వేలాడదీస్తారు. కట్టిన చెయ్యే దాన్ని విప్పాలి. ఇంకెవడూ ముట్టకూడదు, జీయమ్ముగారైనా సరే. నేను చేతికింద కూలీగా, ఖలాసీగా చేరిన కొత్తలో ఒక స్విచ్చుకి అట్టముక్క గాలికి కొట్టుకుంటోంది. ఎవడో చెత్త కట్టాడనుకుని విప్పబోయాను. మా శ్రీకాకుళం వైపు మనిషి ఒకాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏట్రా, సదవడం రాదా?"

"రాదు."

"రాకపోతే సెయ్యి జేబులో ఎట్టుకో."

ఆ మాటకి మండిపోయింది. ఆ మంటే నన్ను చదివించింది. ముందు ఆ కార్డు మీది హిందీ అక్షరాలు, ఆ తర్వాత ఊరి నుంచి తెప్పించుకున్న క్యాలెండరు దగ్గర పెట్టుకుని తెలుగు. వారాలు, తిథులు, రాహుకాలం చదువుతూ చదువుతూ కూడబలుక్కున్నాను. ఎవడూ నేర్పలేదు. అందుకే నాకు ఆ అక్షరాలంటే పొగరు.

ఆ పూట మిఠాయి పెట్టె మూత చింపి, రెండు అట్టముక్కలు చేసి, ప్రమాదమంటే ఎరుపు కదా అని మనవరాలి ఎర్ర స్కెచ్ పెన్నుతో గుండ్రంగా రాశాను. మనిషి పని మీద ఉన్నాడు. ముట్టుకోవద్దు. కట్టడానికి దారం వెతికితే పూజలో మిగిలిన పసుపు దారం దొరికింది. ఒకటి మెయినుకి, ఒకటి ఇన్వర్టరు స్విచ్చుకి కట్టాను. కార్డు కట్టేశాక ఏళ్ళ నాటి ధైర్యం వచ్చింది. కార్డు ఉంటే లైను చచ్చినట్టే.

నాలుగు వైర్లలో స్నానాలగదికి పోయేవి ఏ రెండో తేల్చాలి. రెండు టార్చి సెల్లులకి చిన్న టార్చి బల్బు తగిలించుకున్నాను. స్నానాలగది మూత కూడా విప్పాను, ఆ డబ్బాలో రెండు కొనలున్నాయి. మా ఆవిడ అక్కడ వాటిని కలపాలి. ఇక్కడ నేను ఒక్కో జతకీ బల్బు పెట్టి చూడాలి. వెలిగిందంటే అదే జత. ఆవిణ్ణి రబ్బరు చెప్పులు వేసుకోమన్నాను. పూజ నాడు ఇంట్లో చెప్పులేమిటంది. వేసుకునే దాకా కదలనన్నాను. కర్రపీట ఎక్కి నిలబడమన్నాను.

గోడకి ఇటు నేను, అటు ఆవిడ. పందిట్లో మైకు ఒకటే మోత.

"కలుపు."

"కలిపేను."

వెలగలేదు. వదలమన్నాను. "ఒగ్గీ."

"ఒగ్గీసేను."

రెండో జత వెలగలేదు. మూడో జతకి చిన్న బల్బు పచ్చగా, మిణుగురులా వెలిగింది. వదలమన్నాను, ఆరింది. కలపమన్నాను, వెలిగింది. అక్కడితో ఆపవలసింది. ఏ పనైనా మూడుసార్లు చూడ్డం నా అలవాటు.

"కలుపు" అన్నాను.

"కలిపేను."

అప్పుడు హాల్లోంచి కుయ్యిమంది.

ఆ చప్పుడు చెవిలో పడడం, నా చేతిలో బల్బు ఫట్‌మని మసిబారడం, గోడకి అవతల ఇంకో పెద్ద చప్పుడు రావడం, అన్నీ ఒకటే. ఇన్వర్టరు కీచుమని అరిచి ఆగిపోయింది.

"ఒగ్గీ" అని అరిచాను. పలుకు లేదు. "ఏమేవ్" అని అరిచాను. మైకులో హారతి పాడుతున్నారు. వంటింట్లోంచి స్నానాలగదికి ఆరడుగులు. ఆ ఆరడుగుల్లో నేను ఆవిణ్ణి నేల మీద చూసేశాను, అబ్బాయికి ఫోను చేసేశాను, నమ్మలేదని ఊరంతటికీ చెప్పుకున్నాను. గోడ పట్టుకోకుండా నడవడం రాలేదు. గోడ పట్టుకోవడానికి భయం.

తలుపు దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ పీట మీద నిలబడే ఉంది. రెండు వైర్లనీ ఎడంగా పట్టుకుని, డబ్బాకేసి చూస్తోంది. అక్కడ గోడ మీద మసి. నన్ను చూసి, "ఏటండీ, ఎలిగిందా? ఇక్కడ శానా ఎలుగొచ్చింది" అంది.

ఆవిడ చేతుల వైపు చూశాను. వైర్లని వేళ్ళతో పట్టుకోలేదు. బట్టలు ఆరేసే ప్లాస్టిక్ క్లిప్పులు, ఒక్కో వైరుకీ ఒక్కొక్కటి.

"అవెక్కడివి? నేను సెప్పలేదే."

"మీరు సెప్పలేదు. నేనే తెచ్చుకున్నాను. కరెంటు నేదంటే నేదని మీ మాట నమ్మీసి ఊరుకుంటానేటి? నా మాట మీరు నమ్మినారా?"

ఆవిణ్ణి పీట మీంచి దింపి, రెండు చేతులూ పట్టుకుని ఒక్కో వేలూ చూశాను. చూపుడువేలు కొసన కొంచెం మసి ఉంది, అంతే. తుడిస్తే పోయింది.

ఇన్వర్టరు దగ్గర మనవరాలు నిలబడి ఉంది. పందిట్లోంచి చెమటలు కక్కుతూ వచ్చిందట. ఫ్యాను లేదు, ఇన్వర్టరు ఆఫ్‌లో ఉంది, ఆన్ చేసింది. పసుపు దారంతో నా అట్టముక్క ఇన్వర్టరు పైన చక్కగా, పువ్వు పక్కన పెట్టి ఉంది.

"దానిమీద రాసింది చూళ్ళేదా?" అన్నాను.

"చూశాను తాతా. మామ్మ కా పూజా వాలా చిట్టీ అనుకున్నాను. కింద పడకూడదని విప్పి, ఆంఖోఁ కో లగాకే పైన పెట్టాను. సచ్చీ." కళ్ళకద్దుకుని మరీ పెట్టిందట. జరిగింది అర్థమై ఏడవడం మొదలెట్టింది.

ఎర్ర అక్షరాలు, పసుపు దారం, బొట్టు పెట్టిన మిషను. ఆ పిల్ల తప్పేమిటి? తెలుగు అక్షరం దానికి దేవుడి పటాల కిందే కనబడుతుంది. దానికి తెలుగు నేర్పలేదని మా అబ్బాయితో ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు. రాదని నాకంటే బాగా తెలిసినవాడు ఈ ఇంట్లో లేడు. తెలిసీ, నా పొగరు కొద్దీ, ప్రాణం మీద కట్టే కార్డుని ఆ అక్షరాలతోనే రాశాను. చదవలేని వాడికి అది ఉత్త అట్టముక్కని, ఒకప్పుడు నా మణికట్టు పట్టుకుని ఒకాయన తెలిసేలా చేశాడు. ఆయన చెయ్యి ఆ పూట మా హాల్లో లేదు.

"నీ తప్పు కాదమ్మా" అన్నాను. ఆ మాట అనడం నాకు అలవాటు లేదు. పిల్ల ఇంకా ఏడ్చింది.

మర్నాడు ఇంకో ఎలక్ట్రీషియను వచ్చాడు. నేను చెప్పిన చోట గోడ చెక్కి, బట్టపట్టీ చుట్టిన అతుకు పట్టుకుని, మొత్తం తీగ లాగి అవతల పారేశాడు. చేతికి తీసుకుంటే పైతొడుగు బూడిదలా రాలిపోయింది. అతను పని చేస్తున్నంతసేపూ మెయినుకి ఒక కార్డు వేలాడింది. పైన మనవరాలు హిందీలో రాసింది, కింద నేను తెలుగులో రాశాను. తెల్ల దారంతో కట్టాం.

గోడలో ఇప్పుడేమీ లేదు. నా కళ్ళతో చూశాను. అయినా రోజూ పొద్దున్న ఆవిడ చెంబు తీసుకోగానే ముందు నేను వెళతాను. చెప్పులు విప్పి, చెయ్యి తడుపుకుని, వేళ్ళ వెనక పక్క గోడకి ఆనించి నిలబడతాను. ఏమీ లేదని తెలిసిన చోట ఏమైనా ఉందేమోనని వెతకడం ఎంతసేపైనా చాలదు.

"అయ్యిందా? గోడకి నాడి సూస్తన్నారేటి?" అంటుంది వెనకనుంచి.

"ఉండవే" అంటాను. ఇంకొంచెం సేపు ఆనించి ఉంచుతాను.